కంటి బిళ్ళ

సెప్టెంబరు ఇరవై ఒకటో తేదీ మధ్యాహ్నం కళ్ళద్దాలాయన భార్య రెండు చేప ముక్కలు, మిరియాలు చల్లిన బంగాళాదుంపలు, పైన ఒక నారింజపండు తిని, కంచం ముందు నుంచి లేవకుండానే "ఇంకేముంది?" అని అడిగింది. ఏడాదిగా మెత్తటి అన్నం, చప్పటి గంజి తప్ప మరొకటి ముట్టని మనిషి అలా అడిగేసరికి ఆయనకి కళ్ళు చెమర్చాయి.

"ఇంకేముందంటే నేనున్నాను. నన్ను తినెయ్" అన్నాడు.

"మీరు అరగరు" అంది ఆవిడ, వేళ్ళు నాకుతూ.

అంతకు కాసేపటి ముందే ఊపిరి పరీక్ష ఫలితం వచ్చింది. కడుపులో సూక్ష్మజీవి జాడ లేదని.

ఈ కథ వెంట మొదటినుంచీ నడుస్తున్నవాళ్ళకి ఆ పూట సంబరం గుర్తుండే ఉంటుంది. దారి మధ్యలో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఆయనది రైలుస్టేషను వెనక వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం. ఆవిడ ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. మెడలో విజిలు లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు తడుముకుంటుంది. ఆవిడ చెల్లెలు కడుపు డాక్టరు. తల సగం నెరిసినా, కింద క్లినిక్కు, పైన ఇల్లుగా సొంతంగా కట్టుకున్నా, అక్కాబావలకి మాత్రం ఇప్పటికీ చిట్టే. ఈ అక్కచెల్లెళ్ళ తల్లి కడుపులో కంతితో పోయింది. ఆవిడకి ఏం జబ్బో చివరిదాకా ఎవరూ చెప్పలేదు. పాలల్లో కలిపి, తేనెలో అద్ది మందులు మింగించారు. పెద్దకూతురికి అది ముల్లులా లోపల దిగబడిపోయింది. పెళ్ళైన కొత్తల్లోనే మొగుడి దగ్గర మాట తీసుకుంది: "నా ఒంటి సంగతి నా దగ్గర దాచకండి. మంచైనా చెడైనా ముందు నాకే తెలియాలి." ఆయన సరేనన్నాడు.

ఏడాది కిందట ఆవిడకీ కడుపులో మంట పట్టుకుంది. కడుపు గోడల్లో తిష్ఠ వేసుకుని, ఏళ్ళ తరబడి పుండ్లు చేసి, ఏ కొద్దిమందినో కంతిదాకా లాక్కెళ్ళే సూక్ష్మజీవి ఒకటుందనీ, అది అక్కలో ఉందో లేదో తేల్చాలనీ చిట్టి పట్టుబట్టింది. ఊపిరి పరీక్ష లేదని చెప్పినా ఆమె మనసు ఒప్పలేదు. కెమెరా ఉన్న గొట్టం కడుపులోకి వేసి చూస్తానంది. పోయిన వారం భాగం ముగిసేసరికి మనం ఆ గొట్టం వేసే గదిలోనే ఉన్నాం. గొట్టం లోపలికి దిగింది. చిట్టి ఒక మీట నొక్కింది. తెరమీద రంగులు మారిపోయాయి. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత, "సిస్టర్, ఇంకో రెండు ముక్కలు తీద్దాం. పైనుంచి" అంది.

ఈత టీచరు ఇప్పుడు పక్కగదిలో మత్తు నిద్రలో ఉంది. సాయంత్రపు ఎండ కిటికీ చువ్వల మీదుగా ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. దుప్పటి జారి పాదాలు బయటపడితే, అటుగా పోతున్న సిస్టర్ వెనక్కి తిరిగి వచ్చి, రెండు పాదాల మీదా కప్పి, ఒకసారి అరచేత్తో ఒత్తి వెళ్ళిపోయింది. ఎవరూ చూడటం లేదనుకుని చేసిన పని అది. గాజు తలుపు ఇవతల నుంచి కళ్ళద్దాలాయన చూశాడు.

"బావా, ఇలా రా" అని పిలిచింది చిట్టి.

కిటికీ లేని చిన్న గది అది. కడిగిన నల్లటి గొట్టం అద్దాల బీరువాలో నిలువునా వేలాడుతూ ఆరుతోంది. మందునీళ్ళ ఘాటు ముక్కుకి తగిలింది. తెర ముందు రెండు ఎత్తు పీటలు.

"ముందు కూర్చో. నిలబడి వింటే పడతావు."

"పడేంత మాటా?"

"మాట అంతది కాదు. నువ్వే అంత మెత్తని మనిషివి" అంది చిట్టి. ఆమె నవ్వలేదు. అందుకే ఆయన మారుమాట్లాడకుండా కూర్చున్నాడు.

తెర మీద గులాబీరంగు గుహలాంటిది కనిపించింది.

"ఇది మామూలు వెలుగులో మీ ఆవిడ కడుపు."

"బాగానే ఉందే! శుభ్రంగా, తడిగా."

"నీకే కాదు, చాలామందికి బాగానే ఉంటుంది. ఇప్పుడు చూడు." ఆమె వేలు కదిలింది. అదే గుహ ఒక్కసారిగా మరో లోకంలా మారింది. "వెలుగులో నీలం వాటా పెంచి, ఎరుపులో ఉన్న చిన్న చిన్న తేడాల్ని పెద్దవి చేసి చూపిస్తుందిది. మామూలుగా ఒకటే రంగు అనిపించినవన్నీ విడివిడిగా తేలతాయి."

ఇది ఆయనకి తెలిసిన సంగతే. లారీ డ్రైవర్లకి పసుపు అద్దాలు పెట్టగానే "అరె, రోడ్డు ఎంత తేటగా ఉంది!" అనడం దుకాణంలో రోజూ వినేదే. రోడ్డు మారదు. కంటికి అడ్డం పడుతున్నదేదో తప్పుకుంటుంది, అంతే.

చిట్టి పక్కన ఇంకో బొమ్మ పెట్టింది. "ఇది వేరేవాళ్ళది. ఆరోగ్యంగా ఉన్న కడుపు. లేత నారింజ రంగులో ఉందా? ఈ వంపు దగ్గర చుక్కలు చూశావా, ఎవరో సూదితో కొలిచి పొడిచినట్టు?"

"ఊఁ. వరసగా ఉన్నాయి."

"సన్నటి రక్తనాళాలు. ఇవి ఇలా వరసలో కనిపించాయంటే ఆ ఇంట్లో దొంగ లేడని చాలావరకు నమ్మొచ్చు. ఇప్పుడు అక్క కడుపులో అదే వంపు చూపిస్తా. చుక్కలేవి?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. చుక్కల్లేవు. కాలిన ఇటుకలా ముదురు ఎరుపు గోడంతా పరుచుకుని ఉంది. మడతలు ఉబ్బి, వాటి మధ్య తెల్లటి జిగురు పట్టి ఉంది.

"అంటే... అది కనబడుతోందా?"

"అది కనబడదు బావా. అది కాపురం పెట్టిన ఇంటి గోడ కనబడుతుంది."

"మరి ఊపిరి పరీక్ష లేదందిగా?"

"నేనూ అదే అడుగుతున్నా. ఇదిగో, ఇంకోటి చూడు." బల్ల మీద గోరంత గుంటలున్న ప్లాస్టిక్ బిళ్ళలు రెండున్నాయి. ఒక్కో గుంటలో పసుపుపచ్చ జిగురు, అందులో కంటికి ఆనీ ఆనని ఒక ముక్క. "సూక్ష్మజీవి ఉంటే ఈ జిగురు గులాబీ రంగుకి తిరుగుతుంది. ఇది కడుపు కింది భాగంలోంచి తీసిన ముక్క. మేమందరం అలవాటుగా తీసే చోటే. ఎంతసేపటికీ తిరగలేదు. ఈ రెండోది పైనుంచి తీసింది. ఎరుపు ఎక్కడ ముదిరిందో ఆ వెలుగు చూపించింది కాబట్టి అక్కణ్ణుంచి తీశా. ఇదీ ఇప్పటిదాకా పసుపే."

ఆయన ఆ రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"పరీక్షలన్నీ లేదంటున్నాయి. నా కళ్ళు ఉందంటున్నాయి. నాకు పని నేర్పిన పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేశా. 'రంగులు చూసి మందులు రాస్తావుటమ్మా? ముందు మీ బావగారి దుకాణానికెళ్ళి కళ్ళు చూపించుకో' అన్నారు."

"చూపించుకుంటే డిస్కౌంటు ఇస్తాలే" అన్నాడాయన. ఆయన మాట ఆయనకే ఎండుటాకులా వినిపించింది.

"ఆయన అనడంలోనూ తప్పులేదు. రెండు రకాల యాంటీబయాటిక్సు, రెండు వారాలు. అనుమానం మీద ఇచ్చేవి కావు. అలాగని లేదని రాసేస్తే అక్క హాయిగా ఇంటికెళ్ళిపోతుంది, చేపలు తింటుంది. లోపల అది ఉంటే మాత్రం దాని పని అది చేసుకుంటూ పోతుంది. అమ్మలో చేసుకుపోయినట్టు." "పరీక్షలూ, నా కళ్ళూ రెండూ నిజమయ్యే దారి ఒక్కటే ఉంది. యాసిడ్ తగ్గించే బిళ్ళ. అది వేసుకుంటే సూక్ష్మజీవి చావదు. నీరసపడి, కింది చోటు ఖాళీ చేసి పైకి సర్దుకుంటుంది. ఊదినా దొరకదు, కింద గిల్లినా దొరకదు. అందుకే పరీక్షకి ముందు రెండు వారాలు ఆ బిళ్ళలు ఆపమన్నా. అక్క ఆపిందా?"

"ఆపింది" అన్నాడు.

అది అబద్ధం కాదు. ఆవిడ ఆపింది. చెల్లెలు ఆపమన్న రోజే, పెట్టెలో ఉన్న బిళ్ళలన్నీ తీసి ఆయన చేతికిచ్చి, "నా కంటికి కనపడకుండా పెట్టండి" అంది. మూడో రోజు తెల్లవారుజామున ఆయనకి మెలకువ వచ్చి చూస్తే పక్కన మనిషి లేదు. స్నానాల గదిలో, దీపం వెయ్యకుండా, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, గోడకి తల ఆనించి ఉంది. ఈతకొలనుకి ఆ చివర ఉన్న పిల్లవాణ్ణి ఒక్క విజిలుతో ఈ చివరికి రప్పించే మనిషి, "వెళ్ళి పడుకోండి" అన్న రెండు మాటలూ ఆగి ఆగి అంది.

ఆ పొద్దునే ఆయన దుకాణంలో ఒక సీసా తీశాడు. కంటి విటమిన్ల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిపోయే సీసాల్లో ఒకటి. అందులో బిళ్ళలు పారబోసి, ఆవిడ దాచమని ఇచ్చిన వాటినే రేకుల్లోంచి ఊడదీసి నింపాడు. "కొలను నీళ్ళకి నీ కళ్ళు చూడు, నిప్పుల్లా ఉన్నాయి. రోజుకొకటి వేసుకో. కంటికీ మంచిది, ఒంటికీ మంచిది" అన్నాడు. ఆవిడ వేసుకుంది. కళ్ళజోళ్ళ దుకాణంవాడి పెళ్ళాం కంటి బిళ్ళని ఎందుకు అనుమానిస్తుంది?

చిట్టి ఇంకా ఆయన వంకే చూస్తోంది. ఊరుకుంటే ఈ మాట ఈ గది దాటదు. ఆయనా ఆవిడా అలాగే ఉంటారు, ఇన్నేళ్ళూ ఉన్నట్టు. తెరమీద ఆ ఎరుపు గోడ మాత్రం కదలకుండా నిలబడి ఉంది.

"చిట్టీ" అన్నాడు. "మీ అక్క ఆపింది. నేను ఆపలేదు."

"నువ్వేం ఆపలేదు? నీకేం రోగం?"

చెప్పాడు. సీసా సంగతి, బకెట్టు సంగతి, అన్నీ. తడుముకోకుండా, మధ్యలో ఎక్కడా ప్రేమ అనే మాట వాడకుండా చెప్పాడు. చెప్తున్నంతసేపూ కళ్ళజోడు చేతిలో తిప్పుతూనే ఉన్నాడు.

"కంటి బిళ్ళా?" అంది చిట్టి.

"కంటి బిళ్ళే."

"నేను ఆపమన్నానా లేదా?"

"అన్నావు. సంచిలోకి ఊదడానికీ బిళ్ళకీ ఏం సంబంధంలే అనుకున్నా."

"అడగొచ్చుగా నన్ను?"

"అడిగితే వద్దంటావుగా."

చిట్టి రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. "ఊరందరికీ చూపు సరిచేస్తావు. నిన్ను ఏ అద్దం పెట్టి సరిచెయ్యాలి బావా?"

"తిట్టు. తిట్టించుకోవడానికే చెప్పా."

"తిడతా. ముందు ఊపిరి తీసుకోనీ. మధ్యాహ్నం నుంచీ నా కళ్ళు చెడిపోయాయేమోనని చస్తున్నా." అంటూనే ఆమె బల్లమీదికి వంగింది. "ఆగాగు. ఇటు చూడు."

పై ముక్క ఉన్న జిగురు. ముక్క చుట్టూ, వెంట్రుక మందాన, పసుపు కాని రంగు ఒకటి మొదలైంది. చూస్తుండగానే అది నీళ్ళలో పడిన సిరాలా మెల్లగా పక్కలకి పాకింది. గులాబీ. పక్క గుంటలో కింది ముక్క మాత్రం ఏమీ ఎరగనట్టు పసుపుగానే ఉంది.

చిట్టి గడియారం చూసి బిళ్ళ మీద టైము రాసింది.

"ఉంది" అంది చిట్టి. చెడ్డ వార్తే అయినా ఆమె భుజాలు తేలికపడటం ఆయనకి కనిపించింది. దొంగ దొరికాడు. దొరికినవాణ్ణి పంపించే మందులున్నాయి. "ఇంకో పావుగంట నోరు మూసుకుని కూర్చుని ఉంటే నీకు చెప్పాల్సిన పనే ఉండేది కాదు, తెలుసా?"

"తెలుస్తోంది."

చిట్టి గొంతు తగ్గించింది. "చూడు బావా, అక్కకి చెప్పక్కర్లేదు. కింద దొరకలేదు, పైన దొరికింది, ఒక్కోసారి అలా జరుగుతుందంటాను. అబద్ధమేమీ కాదు. ఆ సీసా కాలవలో పారేసి ఇంటికి పో. అక్క సంగతి నీకు తెలుసు. అమ్మ విషయంలో మా పెద్దవాళ్ళందరితో ఎన్నేళ్ళు మాట్లాడలేదో కూడా తెలుసు."

ఆయన సమాధానం చెప్పేలోపే సిస్టర్ తలుపు సందులోంచి తల పెట్టింది. "లేచారండీ. విజిలేదని అడుగుతున్నారు."

ఈత టీచరు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు ఒక పక్కకి నొక్కుకుపోయింది. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు. సిస్టర్ ఇచ్చిన నీళ్ళని చిన్న గుక్కలుగా తాగుతోంది.

"ఏమంటోంది మీ మరదలు?"

"ఉందిట."

ఆవిడ గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ వైపు చూసింది. "అమ్మకున్నదేనా?"

"అమ్మగారికి ఎవరూ ఈ వెలుగు వేసి చూడలేదు. నీకు చూశారు. రెండు వారాలు మందులు వేసుకుంటే పోతుందిట."

"మరి ఊదినప్పుడు లేదందిగా?"

చిట్టి చెప్పమన్న మాట ఆయన నాలుక చివరే ఉంది. మెత్తటి మాట. ఆవిడ నమ్మేస్తుంది కూడా. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"నేను నీకిచ్చింది కంటి బిళ్ళ కాదు" అన్నాడు.

ఆవిడ అంతా విన్నది. మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది.

"ఎప్పటిదాకా?"

"నిన్న పొద్దుటిదాకా."

"నిన్న కూడానా!" అంది ఆవిడ. తరవాత ఒక నవ్వులాంటిది నవ్వింది. "మందులు మానేశాకే బాగుపడ్డాననుకున్నానండీ. కొలను దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాను కూడా, మనసు గట్టిదైతే మంట ఏం చేస్తుందర్రా అని. వాళ్ళు చప్పట్లు కొట్టారు."

ఆయన తల ఎత్తలేకపోయాడు.

"మీరు అడిగి ఉంటే వేసుకునేదాన్ని కాదు."

"తెలుసు. అందుకే అడగలేదు."

"అమ్మకి పాలల్లో కలిపి పోసినవాళ్ళకి మాత్రం అమ్మంటే ప్రేమ లేదా? అందరికీ ఉంది. అంతమంది ప్రేమ మధ్య తనకేం జరుగుతోందో తెలియనిది ఆవిడ ఒక్కదానికే." గ్లాసు పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. "ఈ రెండు వారాలూ చిట్టి దగ్గరే ఉంటాను. మందులు నా చేత్తో నేను తీసుకుని, పేరు చదువుకుని వేసుకుంటాను. మీరు రోజూ రావద్దు."

"రోజు విడిచి రోజు రానా?"

"పిలిచినప్పుడు రండి." ఆవిడ దుప్పటి మీదికి లాక్కుంది. అంతలోనే, "బయట వాన వచ్చేలా ఉంది. మీ గొడుగు ముందు గదిలో బెంచీ కింద పెట్టారు. మరిచిపోయి పోకండి" అంది, ఆయన వంక చూడకుండానే.

ఆ గొడుగు మాట పట్టుకునే ఆయన ఆ రాత్రి క్లినిక్కు పైనున్న చిట్టి ఇంటి మెట్లు ఎక్కాడు. ఆవిడ బట్టల సంచీ, దువ్వెన, పడుకునేటప్పుడు కాళ్ళకి తొడుక్కునే ఉన్ని మేజోళ్ళు ఇంటినుంచి తెచ్చి, వరండా చివరి గదిలో చిట్టి పక్క సర్దుతుంటే చేతికందించాడు. ఆవిడ వచ్చి పడుకున్నాక ఇద్దరూ ఇవతలికి వచ్చారు. గది తలుపు జానెడు తెరిచే ఉంది. లోపలి దీపం వెలుగు వరండా గచ్చు మీద పొడుగ్గా పడింది. బయట వాన సన్నగా మొదలైంది.

"చెప్పకపోయినా సరిపోయేది" అంది చిట్టి.

"సరిపోయేది కాదులే" అన్నాడాయన. గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగు బావా." చిట్టి ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు రెండడుగులు నడిపించింది. గొంతు బాగా దించింది. "ఆ వెలుగులో ఇంకోటి కూడా కనిపించింది. ఆ ఎరుపు మధ్యలో, కింది వంపు దగ్గర, లేత ఊదా రంగులో ఒక మచ్చ. చిటికెన వేలి గోరంత. అక్కడ గోడ స్వభావం మారుతోందన్నమాట. అక్కణ్ణుంచి కూడా ముక్క తీసి ల్యాబుకి పంపా."

ఆయనా గొంతు దించాడు.

"అంటే?"

"చాలాసార్లు ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి అవుతుంది. వారంలో రిపోర్టు వస్తుంది. అందాకా అక్కకి తెలియనివ్వకు. ఇవాళ తనకి ఇది చాలు. రేపటినుంచి ఆ మందులే తనని పిండేస్తాయి, దాని మీద ఈ దిగులు కూడా ఎందుకు?"

"చిట్టీ, ఇందాక కింద ఏం జరిగిందో చూశావుగా? నన్ను మళ్ళీ అదే పని చెయ్యమంటున్నావు."

"తెలుసు."

"నువ్వూ అదే చేస్తున్నావు."

"తెలుసు బావా. నాకూ ఉన్నది ఒక్క అక్కే." డాక్టరు గొంతు కాదది. "ఒక్క వారం. నా కోసం."

ఆయన గొడుగు పిడిని గట్టిగా పట్టుకుని వరండా చివరి వైపు చూశాడు. లోపల మంచం కిర్రుమంది. ఉన్ని మేజోళ్ళ అడుగుల మెత్తటి చప్పుడు. గచ్చు మీది వెలుగు చార జానెడు నుంచి బెత్తెడైంది, బెత్తెడు నుంచి వేలెడైంది. తరవాత, ఎవరి నిద్రా చెడగొట్టకూడదన్నంత మెల్లగా, తలుపు లోపలినుంచి మూసుకుంది.